గుంపులో మా గేదె

బందరు పంతుళ్ళ ట్రైనింగు స్కూల్లో నా చూపు చురుకైనదని పేరు. ఆ పేరు నెత్తికెక్కించుకుని నందిగామ తిరిగొచ్చాను కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి.

మాకు మనస్తత్వశాస్త్రం చెప్పే మాస్టారు ఒక అట్టపెట్టెకు కిటికీలా కన్నం కోసి, దానికి రేకు మూత పెట్టి, లోపల ఒక కార్డు నిలబెట్టేవారు. మూత ఎత్తి రెప్పపాటులో దించేసేవారు. ఆ కాస్తలో కార్డు మీద ఏముందో చెప్పాలి. కాకి బొమ్మ ఒక్కటే ఉంటే క్లాసంతా ఒక్క గొంతుతో "కాకి" అని అరిచేది. అదే కాకిని నాలుగు పిట్టల మధ్య గీస్తే సగం మందికి నోరు పెగిలేది కాదు. ఆ పైన మాస్టారు వెనక వరసవాళ్ళను బల్లల మీద దరువెయ్యమనేవారు. దాంతో మిగతా సగం కూడా కాకిని పట్టుకుని కోకిల అనేవాళ్ళు. కాకిని కొమ్మ మీద గీస్తే తొందరగా తెలిసేది. పడక్కుర్చీలో కూర్చోబెట్టి గీస్తే ఎంతకీ తెలిసేది కాదు. నేను మాత్రం దరువుకు బెదరకుండా, కుర్చీకి మోసపోకుండా టకటకా చెప్పేసేదాన్ని. "చుట్టూ ఉన్నవాటిని బట్టే కన్ను పనిచేస్తుందర్రా, ఇది గుర్తుపెట్టుకోండి" అని మాస్టారు చెప్పిన మాట పరీక్షలో రాశాను, మార్కులు తెచ్చుకున్నాను, హాయిగా మర్చిపోయాను.

నందిగామలో మా ఇంట్లో ఉండేది అమ్మ, నేను, ఒక గేదె. నాన్న మిషన్ బడిలో మాస్టారు. నేను ట్రైనింగులో ఉండగానే విషజ్వరం వచ్చి పోయారు. ఆయన పాఠాలు చెప్పిన బడిలోనే నాకు ఉద్యోగం ఇచ్చారు. జ్వరం రావడానికి కొన్నాళ్ళ ముందు ఆయన సంతకెళ్ళి గేదెను కొని, ఎండలో నడిపించుకుంటూ తెచ్చి, పలుపు అమ్మ చేతిలో పెట్టారు. "ఆయన నా చేతికిచ్చిన ఆఖరి వస్తువు ఇదేనే" అనేది అమ్మ. గేదెను వస్తువంటావేమిటని నేను వేళాకోళం చేస్తే, "నీకేం తెలుసు, పో" అని విసుక్కునేది. పాలు అమ్మితే ఇల్లు గడవడానికి సాయమయ్యే మాట నిజమే. అయినా ఆ గేదెకు ఏమన్నా అయితే అమ్మ బాధపడేది పాల కోసం కాదని నాకు తెలుసు.

నాన్న ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉండేది. అదైనా ఆయనొక్కరిది కాదు. ఏదో సభకొచ్చిన మాస్టర్లందరినీ మెట్ల మీద వరసలుగా నిలబెట్టి తీసింది. అందరికీ తెల్ల తలపాగాలు, తెల్ల కోట్లు, ఒకే తీరు మీసాలు. ఒక్కో మొహం కందిగింజంత. అమ్మ ఆ ఫొటో తీసినప్పుడల్లా నాన్న కోసం వెతుక్కునేది. ఒకసారి ఎవరి మీదో వేలు పెట్టి "ఎంత చిక్కిపోయారో చూడవే" అని కళ్ళు తుడుచుకుంది. "అమ్మా, ఆయనెవరో గుంటూరు మాస్టారే" అన్నాను. నాలిక్కరుచుకుని, ఆ పరాయి మాస్టారి మీంచి వేలు గబుక్కున తీసేసి, ఇంకో వరసలో వెతకడం మొదలుపెట్టింది.

అదే ఇంట్లో అయితే నాన్నను గుర్తుపట్టడానికి మొహం కూడా అక్కర్లేదు. ఆయన పొడగరి, మా గుమ్మం పొట్టిది. సాయంత్రం బడి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, కుడిచేత్తో పైకమ్మిని పట్టుకుని, తల బాగా వంచి లోపలికి వచ్చేవారు. అందరూ ప్రార్థనకు తల వంచితే మా ఆయన గుమ్మానికి వంచుతారని అమ్మ ఎగతాళి చేసేది. ఆ అలవాటు ఎంతగా ముదిరిందంటే, గుడి తలుపంత ఎత్తున్న మా చర్చి తలుపు దగ్గర కూడా ఆయన తల వంచే నడిచేవారు. చూసినవాళ్ళు అదంతా భక్తి అనుకునేవారు.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు ఎండాకాలంలో జరిగిందీ సంగతి. నైజాం వైపు గొడవలు ముదిరి, సరిహద్దు దాటి జనం జగ్గయ్యపేటకు వచ్చి పడుతున్నారు. బళ్ళ మీద బిందెలు, మంచాలు, ముసలివాళ్ళు, బళ్ళ వెనక గొడ్లు. పేట నిండిపోయి నందిగామ దాకా వచ్చారు. పేటలో ఉన్నవాళ్ళు కూడా కొందరు భయపడి, పెళ్ళాం పిల్లల్నీ పాడినీ నందిగామ చుట్టాల ఇళ్ళకు పంపేశారు. ఇన్ని గొడ్లు కొత్త ఊళ్ళో కట్టు తెంచుకుంటే ఏమవుతుంది? చేలల్లో పడ్డాయి. రైతులు ఊరుకుంటారా? తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టించారు.

మా గేదె పరాయి ఊరిది కాకపోయినా ఆ సందట్లో అదీ పలుపు తెంచుకుంది. ఎవరి దోసపాదుల్లోనో పడిందని, దాన్నీ దొడ్డికి తోలారని సాయంత్రం బడి వదిలేవేళకు కబురొచ్చింది. అమ్మ ఒక చేత్తో పచ్చగడ్డి మోపు, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని బయల్దేరింది. ఎవరూ విడిపించుకోని గొడ్లను మర్నాడు వేలం వేస్తారని ఊళ్ళో డప్పు వేస్తున్నారు. ఆ డప్పు మనిషి సరిగ్గా బందెలదొడ్డి గోడ పక్కనే నిలబడి వాయిస్తున్నాడు.

తలుపు తీసి లోపలికి తొంగి చూస్తే నల్లగా ఉంది. అంతే, అన్నీ నల్లగా ఉన్నాయి. దొడ్డి కాపలా ముసలాయన పశువుల మీద జాలిపడి అప్పుడే మునేటికి తోలుకెళ్ళి తెచ్చాడట. ఏ గేదె చూసినా వీపుదాకా బురద. ఏ గేదెకు సుడి ఉందో, ఏ గేదె తోక చివర తెలుపో, అన్నీ ఆ బురద కింద భద్రంగా ఉన్నాయి. కొమ్ములు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి, ఏ కొమ్ము ఏ తలదో తెలియడం లేదు. గొడ్లు కాచేవాళ్ళకు ఇది నవ్వులాటే. అమ్మ మాత్రం పంతులుగారి భార్యగా చాన్నాళ్ళు బతికి, ఆలస్యంగా గేదె చేతికొచ్చిన మనిషి.

"అదుగో మనది" అంది అమ్మ మొదట. అది తల తిప్పింది. "కాదు, అదుగో" అంది.

"అమ్మా, పిలిచి చూడు. పిలిస్తే వస్తదిగా" అన్నాను.

అమ్మ "రావే తల్లీ, రా" అని పిలిచింది. నాలుగైదు గేదెలు వచ్చేశాయి. చేతిలో పచ్చగడ్డి ఉంటే రాక ఏం చేస్తాయి? మా గేదెకు దూడ బతికి ఉంటే ఈ తిప్పలేం ఉండేవి కావు, దూడను వదిలితే తిన్నగా తల్లి దగ్గరికి పోయేది. అది వానల్లోనే చచ్చిపోయింది. అప్పట్నుంచీ మా గేదె ముందు తవుడు పెడితే చాలు, పాలు చేపేది. అలాంటి మంచి గేదెను దొడ్డిలో పెట్టి మాకు చూపించి, గుర్తుపట్టుకోమంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. బందరులో దరువుకు బెదరని నా కళ్ళు ఆ డప్పుకు చెదిరిపోయాయి. ఒక గేదె మొహం పట్టి చూద్దామనుకునే లోపు పక్క గేదె మొహం అడ్డొస్తోంది.

మేమలా నిలబడి ఉండగానే పేట శెట్టిగారి భార్య వచ్చింది. సరిహద్దు భయానికి నందిగామలో తమ్ముడి ఇంటికి వచ్చి ఉంటున్న ఆవిడ. మనిషి నిండుగా, మాట అంతకన్నా నిండుగా ఉండేది. వాళ్ళ గేదె కూడా దొడ్డిలో పడింది. ఆవిడ తలుపు దగ్గరే నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఒక్కసారి కలయజూసి, "అదుగో, ఆ మూల ఉన్నదే మాది. తోలుకురా" అని జీతగాడికి చెప్పి వెళ్ళిపోయింది. ఆ ధీమా చూసి నాకు అసూయ పుట్టింది.

"అమ్మా, పొద్దుగూకుతాంది. త్వరగా చూసుకోండమ్మా" అని కాపలా ముసలాయన తొందరపెట్టాడు. అమ్మ ఒక గేదె చెంప మీది బురద కొంగుతో తుడిచి, కళ్ళలోకి చూసి, "ఇదేనే. నా వంకే చూస్తంది చూడు" అంది. అది చూస్తున్నది గడ్డి వంక. అయినా నాక్కూడా అదే అనిపించింది. రుసుము కట్టి ఇంటికి తోలుకొచ్చాం.

ఇంటికి తెచ్చి కడిగి, మా గుంజకు కట్టి, పలుపుతో పాటు పాకలో తెగిపడ్డ మా గంట మెళ్ళో వేస్తే అచ్చంగా మా గేదె అయిపోయింది. ఇరుగుపొరుగు వాళ్ళు తొంగి చూసి "దొరికిందా వదినా మీ గేదె? పాపం చిక్కిపోయిందే" అన్నారు. మా గుంజకున్న గేదె మా గేదె కాక ఎవరిదవుతుంది? ఆ దొడ్డిలో అంతసేపు తేలని సంగతి మా పాకలో చిటికెలో తేలిపోయింది.

అయితే గేదె తన్నడం మొదలుపెట్టింది. "అలిగింది. దొడ్డిలో పడెయ్యనిచ్చామని కోపం" అంది అమ్మ. తవుడు పెట్టినా చేపలేదు. "బెదిరింది" అంది. తెలగపిండి అంటే ప్రాణం పెట్టే గేదె తెలగపిండిని వాసన చూసి వదిలేసింది. "నోరు బాగాలేదేమో" అంది. ఏ అనుమానానికైనా అమ్మ దగ్గర సమాధానం ఉంది. తన్నే గేదె దగ్గర కూర్చోలేక, పక్కింటి పెదనాన్న చేత కాళ్ళు కట్టించి పాలు పితికించింది కొన్నాళ్ళు.

తర్వాత అది కాస్త కుదుటపడింది. ఒక తెల్లవారుజామున అమ్మ తనే చెంబు పట్టుకుని, పీట వేసుకుని ఎడమవైపు కూర్చుంది. నేను పొయ్యి రాజేస్తున్నాను. ఉన్నట్టుండి పాకలోంచి కేక.

"ఒసేయ్! గొళ్ళెం కనపడతందే!"

తేలు కుట్టిందేమోనని పరిగెత్తాను. అమ్మ పీట మీద కూర్చుని, గేదె పొట్ట కిందనుంచి మా ఇంటి తలుపు వైపు చూస్తోంది. మొహం పాలిపోయింది.

"ఇక్కడ కూచుంటే మనదాని పొట్ట అడ్డం వచ్చేది. గడప ఒక్కటే కనిపించేదే నాకు. ఇప్పుడు తలుపు గొళ్ళెందాకా కనపడతంది. ఇది మనది కాదే" అంది.

"చిక్కింది కదమ్మా, పొట్ట లోపలికి పోయుంటుంది" అన్నాను. ఈసారి సాకులు చెప్పే వంతు నాది.

అమ్మ వినలేదు. పీట మీదినుంచి లేవకుండా అలాగే ఏడ్చింది. "ఆయన అంతదూరం నడిపించుకొచ్చి ఇచ్చిన గేదెనే. రోజూ దాని పొట్టకి తల ఆనించి పాలు తీసేదాన్ని. గుర్తుపట్టలేకపోయా. పరాయిదాన్ని తెచ్చి కట్టుకుని తల్లీ తల్లీ అన్నా" అని కుమిలిపోయింది. నాకు అమ్మ మీద జాలీ, నా బందరు మార్కుల మీద రోతా రెండూ కలిగాయి.

మాది వేలంలో పోలేదని దొడ్డి ముసలాయన ఒట్టేసి చెప్పాడు. మా వెనకాల వచ్చినవాళ్ళంతా దూడల్ని తెచ్చి వదిలి, తమవి చూసుకుని తీసుకెళ్ళారట. ఇక మిగిలింది ఆ రోజు శెట్టిగారి జీతగాడు మూలనుంచి తోలుకెళ్ళిన గేదె. శెట్టిగారి భార్య అప్పటికే ధైర్యం తెచ్చుకుని గేదెతో సహా పేట వెళ్ళిపోయింది. మర్నాడు బడికి సెలవు పెట్టి, బొగ్గుతో నడిచే బస్సులో మసి మొహాలతో జగ్గయ్యపేటలో దిగాం.

శెట్టిగారిల్లు బజారు వెనక వీధిలో. ముందు కొట్టు, మధ్య ఇల్లు, వెనక పెద్ద దొడ్డి. మమ్మల్ని ఇంట్లోంచి కాకుండా పక్క సందులోంచి దొడ్లోకి రమ్మన్నారు. అది మాకు అలవాటే కాబట్టి అమ్మ ఏమీ అనుకోలేదు, నేను అనుకున్నాను. దొడ్లో వేపచెట్టుకు ఒక గేదె కట్టి ఉంది. కొమ్ములకు నూనె రాసి, నుదుటిమీద పసుపు పూసి, ఇంత కుంకం బొట్టు పెట్టారు. మెళ్ళో నీలంపూసల దండ. అది శుక్రవారం.

నేను అమ్మ మొహం చూశాను. అమ్మ గేదె మొహం చూస్తోంది. గేదె నెమరేస్తోంది.

"ఇదీ కాదేమోనే" అంది అమ్మ నీరసంగా. బొట్టు పెట్టుకున్న గేదె మా ఇంట్లో ఎప్పుడూ లేదు కదా మరి.

శెట్టిగారి భార్య పెరటి వాకిట్లోకి వచ్చి నిలబడింది. సంగతి వినగానే నడుం మీద చెయ్యేసింది. "ఏమ్మా, ఇది మాది కాకపోతే ఎవరిదీ? చుట్టుపక్కల అందరూ చూసి మీ గేదె తిరిగొచ్చిందే అన్నారు. నేను దీన్ని ఆ దొడ్లో ఇట్టే గుర్తుపట్టా. నువ్వేగా అక్కడ పొద్దుగూకేదాకా దిక్కులు చూసుకుంటా నిలబడ్డావు?"

"అవునండి. నేనే పట్టలేకపోయానండి. ఒక్కసారి ఎడమవైపు కూచుని చూస్తానండి. తాకనులెండి" అంది అమ్మ.

ఆవిడకు ఇదేదో వింతగా తోచి ఊరుకుంది. ఎవరూ పీట ఇవ్వలేదు, అమ్మ రెండు ఇటుకలు పేర్చుకుని కూర్చుంది. కూర్చుని అటూ ఇటూ చూసి, "ఇక్కడ మన తలుపు లేదే. నువ్వెళ్ళి అక్కడ గుమ్మంలా నుంచో" అని నాతో అంది.

ఉద్యోగం చేసే పంతులమ్మను, నలుగురూ చూస్తుండగా వెళ్ళి గుమ్మంలా నిలబడ్డాను. "ఇంకాస్త వెనక్కి... చాలు, చాలు" అంటూ అమ్మ తల వంచి పొట్ట కిందనుంచి చూసింది. చూసి, ఇంకా కిందికి వంగి చూసింది.

"నీ పాదాలే కనపడతన్నయ్యే!" అంది. నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి ఆ గొంతులో. "ఇదేనే. ఇదేనండమ్మగారూ, మాదే."

"చాల్లే సంబడం. నువ్వు వంగి చూస్తే తేలిపోద్దా? నా కళ్ళకి ఇది మాదే" అంది ఆవిడ.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని మర్యాదగా అడిగింది. "మీరు మీ గేదెను ఎక్కణ్ణించి చూసేవారండీ రోజూ?"

ఆవిడ తల తిప్పి వంటింటి కిటికీ వైపు చూసింది. వాళ్ళ గొడ్ల పాక వంటింటి కిటికీకి ఆనుకుని ఉంది. ఆవిడ మడిలో వంట చేస్తూ ఆ కిటికీలోంచే కుడితి తొట్లో పోసేదట. నందిగామ నుంచి తిరిగొచ్చేసరికి నైజాం వైపునుంచి వచ్చిన ఒక కుటుంబం ఆ పాకలో తల దాచుకుని ఉంది. అందుకే గేదెను వేపచెట్టుకు కట్టారు. ఆవిడ వెంటనే పాకలోని ఆయన్ను పిలిచి, తొట్టి దగ్గర మంచం కాస్త జరపమంది. ఆయన "బర్రెను కడ్తరా అమ్మా? జరుపుత జరుపుత" అని మంచం లేపాడు. గేదెను తెచ్చి తొట్టి దగ్గర కట్టారు. ఆవిడ లోపలికి వెళ్ళి కిటికీ తెరిచి ఊచల్లోంచి చూసింది. జీతగాడు తొట్లో కుడితి పోశాడు. గేదె వంగి తాగింది, తల ఎత్తింది, మళ్ళీ వంగింది.

కిటికీ వెనకనుంచి ఆవిడ చెయ్యి వచ్చి ఊచను తడిమింది.

"మాది తల ఎత్తినప్పుడల్లా కొమ్ము ఈ ఊచకు తగిలేది" అంది చివరికి, చాలా చిన్న గొంతుతో. "ఆ చప్పుడుకే నాకు తెలిసేది, తొట్టి ఖాళీ అయిందని. దీని కొమ్ము ఊచ దాకా రాటంలేదు."

ఆవిడ బయటికొచ్చేసరికి గొంతు మళ్ళీ పెద్దదైంది. "సరేలే, తీసుకుపోండి. మాదానికి మీరేం పెట్టారో ఏమో, సగమై ఉంటది. దానికి తెలగపిండి పెట్టారా ఏంటి కొంపదీసి? మాది వేరుశనగ పిండి తప్ప ముట్టదు." అలా అంటూనే మా గేదె నుదుటిమీద బొట్టు చెరపబోయి, శుక్రవారం పూట చెరపకూడదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. "నందిగామ చేరేదాకా ఉండనియ్యండి పాపం" అంది. అమ్మ తలూపింది. నాకు ఆవిడ మీద కోపం పోయింది. వాళ్ళ దొడ్లో మా గేదెను ఒకరూ, మా పాకలో వాళ్ళ గేదెను ఒకరూ ఇన్నాళ్ళూ కడుపునిండా ప్రేమగా మేపారు కదా అనిపించింది.

ఆ రాత్రి పేటలోనే మా పాస్టరు గారి అక్కయ్య ఇంట్లో పడుకుని, తెల్లవారగానే బయల్దేరాం. వాళ్ళ గేదెను తెచ్చుకోవడానికి శెట్టిగారి జీతగాడు కూడా మాతో వచ్చాడు. అతను తోలుకొస్తాడు, మనం బస్సెక్కుదామంటే అమ్మ ససేమిరా అంది. "మళ్ళీ కంటికి మరుగైతే మళ్ళీ గుర్తుపట్టాలి. నా వల్ల కాదు" అంది. పలుపు తన చేత్తోనే పట్టుకుంది. జీతగాడు ముందు, బొట్టు పెట్టుకున్న గేదె, అమ్మ మధ్యలో, చెప్పులు కరుస్తున్న కాళ్ళతో నేను వెనక. చిల్లకల్లు దాటేటప్పుడు ఎవరో దణ్ణం పెట్టారు. గేదెకో, మాకో తెలియలేదు.

దారి పొడుగునా అమ్మ హుషారుగానే ఉంది. శెట్టిగారి భార్య నడుం మీద చెయ్యేసుకునే తీరు చేసి చూపించింది. నేను గుమ్మంలా నిలబడ్డ తీరు కూడా చేసి చూపించింది, అది అంత బాగాలేదు. సగం దారి దాటాక మాత్రం మాట తగ్గిపోయింది. ఎండదెబ్బ అనుకున్నాను.

"ఒసేయ్" అంది కాసేపటికి. "పరలోకంలో అందరికీ తెల్లంగీలే ఉంటాయని పాస్టరు గారు చెప్పారు కదా?"

"చెప్పారు."

"లెక్కపెట్టలేనంత మంది జనం ఉంటారనీ చెప్పారు."

"ఊఁ."

"మరి అంతమందిలో మీ నాన్నని నేను గుర్తుపట్టగలనంటావా?"

నాకు నవ్వొచ్చింది. అమ్మ మొహం చూసి ఆపేసుకున్నాను. ఆవిడ నిజంగానే అడుగుతోంది.

"ఫొటోలోనే పట్టలేకపోతన్నా. అందులో గుప్పెడు మందేగా. నిన్నగాక మొన్నటి గేదెని పట్టలేకపోయా. అక్కడ అందరూ తెల్లగా, ఒక్కలాగే, పైగా పాటలు పాడతా ఉంటారంట. ఆ గోలలో నాకెట్టా తెలుస్తది?"

"నువ్వు గుర్తుపట్టకపోయినా ఆయన నిన్ను గుర్తుపడతారులే అమ్మా" అన్నాను.

"ఏం పడతారు? నాకూ తెల్లంగీయేగా" అంది.

అమ్మకు రెండేళ్ళుగా లోపల ఉన్న భయం ఇదేనని అప్పుడు తెలిసింది. చెప్పులు చేతిలోకి తీసుకుని, వెళ్ళి అమ్మ పక్కన నడిచాను.

ఇంటికి చేరి, శెట్టిగారి గేదెను విప్పి జీతగాడికి అప్పజెప్పాం. అమ్మ దాని వీపు నిమిరి, చేపకపోయినా కోపం లేదని, తన్నినా ఏమీ అనుకోలేదని దానికి చెప్పి పంపింది. మా గేదెను మా గుంజకు కట్టింది. పీట కోసం ఇంట్లోకి వెళ్ళి, పీట చేత్తో పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. నాన్న చెయ్యి ఆనీ ఆనీ పైకమ్మి ఒకచోట నున్నగా మెరిసేది. దాని వంక చూస్తోంది.

"అక్కడ కూడా గుమ్మాలుంటయ్యి కదే?" అంది.

"ఉంటాయి. ముత్యాల గుమ్మాలని పాస్టరు గారు అన్నారుగా."

"ఎంతెత్తు ఉంటయ్యి?"

"చాలా ఎత్తుంటాయేమో అమ్మా. అంత పెద్ద పరలోక పట్నానికి చిన్న గుమ్మం పెడతారా?"

"ఎంతెత్తైనా ఉండనీ" అంది. మొహంలోకి ఎక్కడినుంచో వెలుగొచ్చింది. "నేను ఆ గుంపులోకి పోను. గుమ్మం దగ్గరే నుంచుంటా. నేనొచ్చానని తెలిస్తే ఆయన గుమ్మందాకా రారా? వస్తే తల వంచకుండా దాటలేరు. చర్చి తలుపుకే వంచిన మనిషి. అప్పుడు పట్టేస్తా."

అని, తనకు అవసరం లేకపోయినా గుమ్మంలో తల కాస్త వంచి బయటికొచ్చి, గేదెకు ఎడమవైపు పీట వేసుకుని కూర్చుంది.